వన్-ఐడ్ జాక్స్ (ట్విన్ పీక్స్)

వన్-ఐడ్ జాక్స్ అమెరికా టెలివిజన్ ధారావాహిక ‘ట్విన్ పీక్స్’లో కెనడా సరిహద్దు అవతల ఉండే కల్పిత జూదశాల. ముందు హాల్లో పేకాట, వెనక గదుల్లో వేశ్యావృత్తి. ఏబీసీ నెట్‌వర్క్ 1990 మే 17న, మే 23న ప్రసారం చేసిన రెండు భాగాల్లో, ఒకే రాత్రి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇద్దరు మారుపేర్లతో ఇక్కడికి వస్తారు. ఒకరు ఎఫ్‌బీఐ అధికారి డేల్ కూపర్. ఇంకొకరు ట్విన్ పీక్స్ ఊళ్లోకెల్లా పెద్ద వ్యాపారి కూతురు ఆడ్రీ హోర్న్, ఇంకా స్కూలు దాటని పిల్ల. ఇద్దరూ ఆరా తీస్తున్నది ఆ ఊరి అమ్మాయి లారా పామర్ హత్య గురించే. అధికారికి సాక్షి దొరికాడు. ఆడ్రీకి సొంత తండ్రి ఎదురయ్యాడు.

విచిత్రమైన వాతావరణం, కాఫీ, చెర్రీ పై, కలలో కనిపించే ఎర్ర తెరల గది, వీటితోనే ఈ ధారావాహిక ఎక్కువగా గుర్తుండిపోయింది. కథను నడిపే అసలు బలం మాత్రం కుటుంబ రహస్యాలది. ఎంత దూరం వెళ్లి వెతికినా, ఎన్ని వేషాలు వేసినా, జవాబు ఏదో ఒక ఇంటి తలుపు వెనకే ఉంటుంది. ఆ సంగతిని హత్య రహస్యం బయటపడడానికి ఆరు నెలల ముందే చెప్పేసిన ఘట్టం ఇది.

నేపథ్యం

‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ పోలీసు ధారావాహికకు రాసి చెయ్యి తిరిగిన మార్క్ ఫ్రాస్ట్, ‘బ్లూ వెల్వెట్’ (1986) తీసిన డేవిడ్ లించ్ కలిసి ‘ట్విన్ పీక్స్’ను సృష్టించారు. మార్లిన్ మన్రో జీవితం ఆధారంగా తలపెట్టిన సినిమా వాళ్లిద్దరినీ కలిపింది. ఆ సినిమా తెరకెక్కలేదు, స్నేహం నిలిచింది. కొత్త కథకు మొదట ‘నార్త్‌వెస్ట్ పాసేజ్’ అని పేరు పెట్టుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1908లో హేజెల్ డ్రూ అనే యువతి హత్యకు గురైంది, హంతకుడు ఎవరో తేలలేదు. ఫ్రాస్ట్ చిన్నతనంలో వాళ్ల అమ్మమ్మ చెప్పిన ఆ కథ లారా పామర్ కథకు ఒక విత్తనం. బయటి దృశ్యాలను వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోక్వాల్మీ, నార్త్ బెండ్ ప్రాంతాల్లో తీశారు. టైటిళ్లలో కనిపించే జలపాతం స్నోక్వాల్మీదే, ఎత్తు 268 అడుగులు. దాని అంచున ఉన్న హోటలే కథలో ఆడ్రీ తండ్రి నడిపే గ్రేట్ నార్తర్న్.

1990 ఏప్రిల్ 8 ఆదివారం రాత్రి వచ్చిన తొలి భాగాన్ని అమెరికాలో సుమారు మూడున్నర కోట్ల మంది చూశారు. ఆ తర్వాత గురువారం రాత్రులకు మార్చారు. అదే వేళకు ఎన్‌బీసీలో ‘చీర్స్’ వచ్చేది కాబట్టి పోటీ గట్టిదే. అయినా ‘లారా పామర్‌ను ఎవరు చంపారు’ అన్న ప్రశ్న ఆ వేసవిలో ఇళ్లలో, ఆఫీసుల్లో చర్చ అయిపోయింది.

ఆడ్రీ కూపీ

ఆడ్రీ పాత్ర వేసింది షెరిలిన్ ఫెన్. తొలి భాగంలోనే ఆమె స్వభావం తేల్చేశారు. ఇంటి నుంచి నలుపూ తెలుపూ కలిసిన స్కూలు బూట్లతో బయల్దేరుతుంది. స్కూల్లో లాకర్ తెరిచి అవి విప్పి, ఎర్రటి హైహీల్స్ తొడుక్కుంటుంది. తండ్రి బెంజమిన్ హోర్న్‌తో పెద్ద ఒప్పందం చేసుకోవడానికి వచ్చిన నార్వే పెట్టుబడిదారుల దగ్గరికి వెళ్లి, ఊళ్లో ఒక అమ్మాయిని చంపేశారని దిగులు మొహంతో చెబుతుంది. వాళ్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతారు. తండ్రి తనను పట్టించుకోడన్న కసి, పట్టించుకుంటే బాగుండునన్న ఆశ ఆమెలో సమానంగా ఉంటాయి. ఫెన్ ఈ రెంటినీ ఒకే చూపులో పలికించింది. ఆ ఏడాది ఎమ్మీ నామినేషన్ ఆమెకు ఊరికే రాలేదు.

కూపర్ మీద మనసు పడ్డ ఆడ్రీ అతనికి సాయం చేయాలని సొంతంగా పరిశోధన మొదలుపెడుతుంది. హత్యకు గురైన లారా, చావు తప్పి కోమాలోకి వెళ్లిన రోనెట్ పులాస్కీ, ఇద్దరూ హోర్న్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో సెంటు కౌంటర్ దగ్గర పనిచేశారని ఆమెకు తెలుసు. దుకాణం నాన్నదే కదా. పని నేర్చుకుంటానంటూ ఆయన్ను ఒప్పించి, మేనేజర్‌ను బెదిరించి, అదే కౌంటర్‌లో చేరుతుంది. ఒకరోజు మేనేజర్ గదిలోని అలమరలో దాక్కుని, తలుపు పలకల సందుల్లోంచి చూస్తుంది. ఆయన సాటి అమ్మాయి ఒకరికి చిన్న కానుక ఇచ్చి, మంచి జీతం వచ్చే ‘అతిథుల మర్యాద’ పని ఒకటుందని మెల్లగా ఎర వేస్తున్నాడు. సెంటు కౌంటర్ నుంచి జూదశాల వెనక గదుల దాకా దారి అదే. పోలీసులు ఎంత తిరిగినా పట్టుకోలేని ఆ లింకును ఆమె ఒక్క మధ్యాహ్నంలో పట్టేసింది.

జూదశాలకు వెళ్లే ముందు కూపర్ గది తలుపు కింద నుంచి ఒక చీటీ తోస్తుంది. అతను దాన్ని చూడడు. ఈ ఘట్టంలోని ఉత్కంఠకు సగం కారణం ఆ చీటీయే.

నిర్వాహకురాలు బ్లాకీ (విక్టోరియా కాట్లిన్) ముందు ఆడ్రీ తన పేరు హెస్టర్ ప్రిన్ అని చెప్పుకుంటుంది. అది నథానియెల్ హాథార్న్ 1850లో రాసిన ‘ద స్కార్లెట్ లెటర్’ నాయిక పేరు. అమెరికాలో హైస్కూలు పిల్లలు చాలామంది చదివే నవల కాబట్టి బ్లాకీ అబద్ధాన్ని వెంటనే పసిగడుతుంది. ఆ నవలలో దాచిపెట్టిన రహస్యం ఒక కూతురికి తండ్రి ఎవరన్నది. రచయిత హార్లీ పేటన్ ఈ పేరును ఎంచుకోవడంలో ఆడ్రీకి ముందున్న గండాన్ని ముందే సూచించాడని నా నమ్మకం. పొమ్మన్న బ్లాకీ ముందు ఆడ్రీ గ్లాసులోంచి చెర్రీ పండు తీసి తిని, తొడిమను నోట్లో వేసుకుని, నాలుకతోనే ముడివేసి బయటికి తీస్తుంది. ఉద్యోగం వచ్చేస్తుంది. కేలబ్ డెషనెల్ దర్శకత్వం వహించిన ఈ దృశ్యం ధారావాహిక మొత్తానికీ గుర్తుగా నిలిచిపోయింది. అందులోని చిలిపితనమే అందరూ చెప్పుకుంటారు గానీ, చూసినప్పుడల్లా భయమే వేస్తుంది. తాను ఎక్కడికి వచ్చిందో ఆ పిల్లకు పూర్తిగా తెలియదు.

కూపర్ వేషం

అదే రాత్రి కూపర్ (కైల్ మెక్‌లాక్లన్) టక్సీడో, కళ్లద్దాలతో పేకాట బల్ల దగ్గర కూర్చుంటాడు. తోడుగా వచ్చిన ఊరివాడు బిగ్ ఎడ్‌కు విగ్గు, పెట్టుడు మీసం. వాళ్ల మారుపేర్లు ‘ఫ్లింట్‌స్టోన్స్’ కార్టూన్ జంటవి, ఫ్రెడ్, బార్నీ. ఇంత తతంగం ఎందుకంటే జూదశాల ఉన్నది కెనడాలో. అక్కడ అమెరికా పోలీసులకు అధికారం లేదు, వారెంటు చెల్లదు. లారా కడుపులో దొరికిన జూదపు బిళ్ల ముక్క మీద ‘జె’ అక్షరం ఉంది. ఆ బిళ్లనే చూపించి కూపర్ పేక పంచే జాక్ రెనోను మాటల్లోకి దింపుతాడు, డబ్బు ఆశ చూపి సరిహద్దు ఇవతలకు రప్పిస్తాడు. వచ్చినవాణ్ణి అరెస్టు చేస్తారు.

ఊళ్లో మూడో వేషం కూడా అదే సమయంలో నడుస్తుంది. లారాకు అచ్చుగుద్దినట్టుండే కజిన్ మ్యాడీ ఫెర్గూసన్ బంగారు రంగు విగ్గు పెట్టుకుని, చనిపోయిన లారాలా కనిపించి, మానసిక వైద్యుడు జాకోబీని ఆఫీసు నుంచి బయటికి లాగుతుంది. లారా, మ్యాడీ ఇద్దరి పాత్రలూ షెరిల్ లీ వేసినవే. మ్యాడీ పూర్తి పేరు మ్యాడెలీన్ ఫెర్గూసన్. ఒకే నటి ఇద్దరు స్త్రీలుగా కనిపించే హిచ్‌కాక్ ‘వెర్టిగో’ (1958)లోని మ్యాడెలీన్, స్కాటీ ఫెర్గూసన్ అనే రెండు పాత్రల పేర్లు ఇందులో కలిశాయి. లారా పేరు కూడా 1944లో ఆటో ప్రెమింజర్ తీసిన హత్యా రహస్య చిత్రం ‘లారా’ను గుర్తుకు తెస్తుంది. వేషం కట్టి రాత్రి ఇంట్లోంచి జారుకుంటున్న మ్యాడీని చీకట్లో కూర్చుని లారా తండ్రి లీలండ్ చూస్తాడు. మొదటిసారి చూసినప్పుడు అది కూతురు పోయిన తండ్రి నిద్రలేమిలాగే అనిపిస్తుంది. సంగతి తెలిశాక చూస్తే వేరే దృశ్యం.

మే 23

మొదటి సీజన్ ముగింపు భాగాన్ని మార్క్ ఫ్రాస్ట్ స్వయంగా రాసి దర్శకత్వం వహించాడు. తొలి ధారావాహికలో ఆయన దర్శకత్వం వహించిన భాగం ఇదొక్కటే. ఊళ్లోని రంపపు మిల్లు తగలబడుతుంది. లియో అనే అతనికి తూటా తగులుతుంది. నాడీన్ అనే ఆమె మాత్రలు మింగుతుంది. ఆసుపత్రిలో ఉన్న జాక్ రెనో మొహం మీద దిండు అదిమి లీలండ్ చంపేస్తాడు. చివరికి హోటల్ గది తలుపు తీసిన కూపర్‌ను ఎవరో కాల్చేస్తారు. ఇంత హడావిడిలోనూ ఎక్కువగా వెంటాడేది మాత్రం నెమ్మదిగా నడిచే చిన్న దృశ్యం: కొత్తగా చేరిన అమ్మాయిని ‘చూడడానికి’ యజమాని వస్తున్నాడు, పరదా వెనక మంచం మీద ఆడ్రీ. ఆ యజమాని బెంజమిన్ హోర్న్. నాలుగు నెలల తర్వాత, సెప్టెంబరు 30న రెండో సీజన్ మొదలైనప్పుడు, ఆడ్రీ తెల్లటి పిల్లి ముసుగు మొహానికి అడ్డం పెట్టుకుని తండ్రిని దూరంగా ఉంచుతుంది. అమెరికా టెలివిజన్ అప్పటిదాకా ఇలాంటి దృశ్యాన్ని ఇంటిల్లిపాదీ చూసే వేళలో పెట్టే సాహసం చేసింది తక్కువ. లించ్ దాన్ని చౌకబారుతనం లేకుండా, పిల్ల భయం వైపు నిలబడి తీశాడు.

తప్పు తండ్రి, అసలు తండ్రి

ఆడ్రీ ఎవరో బయటపడ్డాక బ్లాకీ ఆమెను బందీ చేసి, మత్తుమందు ఎక్కించి, బెంజమిన్‌ను డబ్బు అడుగుతుంది. కూపర్, షెరిఫ్ ట్రూమన్ సరిహద్దు దాటి వెళ్లి ఆమెను విడిపించింది అక్టోబరు 27న ప్రసారమైన భాగంలో. పరాయి దేశంలో ఇలా చొరబడినందుకే డిసెంబరు భాగాల్లో కూపర్‌ను ఎఫ్‌బీఐ సస్పెండ్ చేస్తుంది. పరిశోధకుడు చేసిన పనికి జవాబు చెప్పుకోవాల్సి రావడం ఈ రకం కథల్లో అరుదు.

నవంబరు 10న వచ్చిన భాగంలో ఆడ్రీ తండ్రిని నిలదీస్తుంది. జూదశాల తనదేనని, లారాతో సంబంధం ఉందని, ఆమెను ప్రేమించానని ఆయన ఒప్పుకుంటాడు. ఆడ్రీ కూపర్‌కు చెప్పేస్తుంది, పోలీసులు బెంజమిన్‌ను పట్టుకుపోతారు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నట్టే అయింది గానీ, కాలింది తప్పు లంక. అదే రాత్రి పామర్ల ఇంటి ముందు గదిలో లీలండ్ అద్దంలో చూసుకుంటే బాబ్ అనే దుష్టశక్తి మొహం కనిపిస్తుంది. కాసేపటికే మ్యాడీ అతని చేతుల్లో చనిపోతుంది. లీలండ్ బెంజమిన్‌కు వకీలు. ఇద్దరు తండ్రులు, ఇద్దరు కూతుళ్లు, ఒకే ఆఫీసు. ఒక కూతురు సకాలంలో బయటపడింది, ఇంకొకరికి ఆ అవకాశం రాలేదు. ఫ్రాస్ట్, లించ్ ఈ రెండు ఇళ్లను పక్కపక్కన పెట్టడమే ధారావాహికలోని అతి గొప్ప రచన.

హంతకుడి పేరు బయటపెట్టడం లించ్‌కు ఇష్టం లేదు, నెట్‌వర్క్ పట్టుబట్టింది. రహస్యం పొక్కకుండా మ్యాడీ హత్యను లీలండ్‌గా వేసిన రే వైజ్‌తో, బాబ్‌గా వేసిన ఫ్రాంక్ సిల్వాతో, బెంజమిన్ పాత్రధారి రిచర్డ్ బేమర్‌తో కూడా చిత్రీకరించారు. సిల్వా అసలు నటుడు కాదు, సెట్లు సర్దే మనిషి. తొలి భాగం షూటింగులో అనుకోకుండా అద్దంలో పడిన అతని ప్రతిబింబం లించ్‌కు నచ్చింది, పాత్ర పుట్టింది.

మరో వేషం

మిల్లు మంటల్లో పోయిందనుకున్న కేథరీన్ మార్టెల్ రెండో సీజన్‌లో తొజమూరా అనే జపాను వ్యాపారిగా తిరిగొచ్చి, బెంజమిన్‌తో బేరాలాడుతుంది. నటి పైపర్ లారీ మేకప్‌లో ఉందని సహనటులకు కూడా చెప్పలేదు, టైటిళ్లలో ఫుమియో యమగూచీ అని వేశారు. ఈ పాత్రలకు 1991లో ఆమెకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. గుట్టు కాపాడిన తీరు అబ్బురమే. అయితే తెల్లజాతి నటికి ఆసియా మనిషి రూపు కట్టడం అప్పటికే పాతబడ్డ పద్ధతి, ఇప్పుడు చూస్తే బాధ కలుగుతుంది.

తర్వాత

శనివారం రాత్రులకు మార్చాక, ఆ పైన హంతకుడు తెలిశాక ప్రేక్షకులు తగ్గారు. 1991 జూన్ 10న ప్రసారం ఆగిపోయింది. చివరి భాగంలో ఆడ్రీ తండ్రి మొదలెట్టిన భూమి పథకానికి నిరసనగా బ్యాంకు ఖజానా తలుపుకు గొలుసుతో తనను కట్టేసుకుంటుంది. అక్కడ బాంబు పేలుతుంది. ఆడ్రీ హాలీవుడ్‌కు వెళ్లే కథగా ఒక ధారావాహిక అనుకున్నారు. ఆ ఆలోచనే మారి మారి లించ్ సినిమా ‘మల్‌హాలండ్ డ్రైవ్’ (2001) అయింది.

2017 మే 21న షోటైమ్‌లో 18 భాగాలుగా కథ తిరిగొచ్చినప్పుడు, ఆడ్రీ కొడుకు రిచర్డ్ హోర్న్ ఊరికి పీడగా కనిపిస్తాడు. వాడి తండ్రి ఎవరన్నది ఈ కథలోని మరో గుట్టు. తెరమీద ఆడ్రీకి ఏమైందో సూటిగా చెప్పలేదు. అదే ఏడాది ఫ్రాస్ట్ రాసిన ‘ద ఫైనల్ డోసియర్’ ఆమె పేలుడు నుంచి బతికి బయటపడిందని, కోమాలోంచి లేచాక ఆ కొడుకును కన్నదని, తర్వాత సొంతంగా ఒక సెలూన్ నడిపి అకస్మాత్తుగా మూసేసిందని చెబుతుంది.