ఇంటి కంప్యూటరు మరమ్మతు, నిర్వహణ: చరిత్ర

ఇంట్లో వాడే కంప్యూటరులోను, దానికి తోడుండే మోడెం, రౌటర్ వంటి పరికరాలలోను వచ్చే లోపాలను గుర్తించి సరిచేయడం, అవి రాకుండా చూసుకోవడం కంప్యూటరు నిర్వహణ. ఈ పని నాలుగు దశాబ్దాలలో చాలా తేలికైందని, యంత్రాలు మెరుగుపడటమే అందుకు కారణమని సాధారణంగా చెబుతారు. అందులో సగమే నిజం. ఈ చరిత్రను అసలు మలుపు తిప్పింది కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కలవడం. ఇంటర్నెట్‌కు కలిసిన కంప్యూటరులోని లోపం సొంతదారు ఒక్కడి నష్టంతో ఆగదు, ఊరూపేరూ తెలియని మరొకరి కంప్యూటరుకూ చేటు తెస్తుంది. అందుకే నిర్వహణ భారం క్రమంగా సొంతదారు నుంచి తయారీదారు మీదికి మళ్లింది. ఆ మళ్లింపు న్యాయమైనదే గాని, ఇంకా పూర్తికాలేదు.

తొలినాళ్లలో మరమ్మతు సొంతదారు పనేనని తయారీదారులూ అనుకునేవారు. ఆపిల్ 2కు 1978లో వచ్చిన రిఫరెన్స్ మాన్యువల్‌లో సర్క్యూట్ పటాలు అచ్చువేశారు. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని సాంకేతిక గ్రంథంలో పటాలతోపాటు, స్విచ్ వేయగానే మొదట నడిచే బయోస్ ప్రోగ్రామును కూడా ప్రచురించారు. ఆ పీసీ స్విచ్ వేయగానే తనను తాను పరీక్షించుకునేది. ఒక పొట్టి బీప్ వినిపిస్తే అంతా సవ్యమే. ఒక పొడుగు బీప్, వెంట రెండు పొట్టివి వస్తే డిస్‌ప్లే కార్డు దగ్గర తేడా ఉన్నట్టు. కొత్త కార్డు బిగించాలంటే మూత విప్పి, జంపర్లు మార్చి, ఏ కార్డుకు ఏ ఇంటరప్ట్ సంఖ్య (ప్రాసెసర్‌ను పిలవడానికి కార్డు వాడే సంఖ్య) ఇచ్చారో గుర్తుంచుకోవాలి. రెండింటికీ ఒకే సంఖ్య పడితే సౌండ్ కార్డు మూగబోయేది, లేదా మోడెం పనిచేసేది కాదు. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95, కార్డులను దానంతటదే గుర్తించి అమర్చే ప్లగ్ అండ్ ప్లే, డివైస్ మేనేజర్, సేఫ్ మోడ్‌లతో ఈ శ్రమను చాలావరకు తగ్గించింది. మన దగ్గర సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల విడిభాగాలు కొని కూర్చిన అసెంబుల్డ్ కంప్యూటర్లే చాలా ఇళ్లకు చేరాయి. అలాంటి కంప్యూటరు మొత్తానికి జవాబుదారీగా నిలిచే తయారీదారు ఒకరంటూ ఉండరు. ఏం చేసినా దారికి రాకపోతే ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించడమే చివరి మందు.

నెట్‌వర్కు లోపాలను పట్టుకునే పనిముట్లు మాత్రం ఇళ్ల కోసం పుట్టినవి కావు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో మైక్ మూస్ పింగ్ ప్రోగ్రామును రాశాడు. అవతలి యంత్రానికి చిన్న సందేశం పంపి, జవాబు వస్తోందా, ఎంతసేపట్లో వస్తోంది అని చూడటమే దాని పని. ముందు రౌటర్‌ను, తర్వాత బయటి చిరునామాను పింగ్ చేస్తే తెగింది ఇంట్లోనా, బయటా అన్నది తేలుతుంది. ఇప్పటికీ దీన్ని మించిన తొలి పరీక్ష లేదు. అయితే కనెక్షన్ ఎక్కడ తెగిందో చెప్పే ఈ పనిముట్లు, ఆ కనెక్షన్ గుండా లోపలికి దూరేవాటి గురించి ఏమీ చెప్పవు.

ఆ కొరత 2003లో బయటపడింది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ జూలై 16న సవరణ విడుదల చేసింది. ఆ లోపం గుండానే ఆగస్టు 11న బ్లాస్టర్ అనే వర్మ్ (దానంతటదే వ్యాపించే హానికర ప్రోగ్రాము) లక్షల కంప్యూటర్లలోకి చొరబడింది. మందు 26 రోజుల ముందే సిద్ధంగా ఉన్నా, వేసుకోవలసినవారికి అది ఉన్నట్టే తెలియదు. వర్మ్ సోకిన విండోస్ ఎక్స్‌పీ ఒక నిమిషం గడువు చూపించి రీస్టార్ట్ అయ్యేది, సవరణను దించుకునేంత వ్యవధి కూడా ఇచ్చేది కాదు. బయటి నుంచి చొరబడేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ ఎక్స్‌పీలో అప్పటికే ఉంది, కాని వాడుకరి ఆన్ చేస్తేనే పనిచేసేది. ఆ అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ నెలకొకసారి, రెండో మంగళవారం సవరణలు ఇచ్చే పద్ధతి పెట్టింది. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ దానంతటదే ఆన్ అయింది. 2015లో వచ్చిన విండోస్ 10 హోమ్‌లో అప్‌డేట్లు వద్దనే వీలే లేకుండా పోయింది.

నా కంప్యూటరులో నా అనుమతి లేకుండా మార్పులేమిటన్న అభ్యంతరం ఇక్కడే మొదలైంది. అది తేలిగ్గా తోసేయదగినది కాదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్లను చెరిపేసింది. ముందుగా పరీక్షించినవారిలో కొందరు హెచ్చరించినా ఆ ఫిర్యాదులు సకాలంలో పైకి రాలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన తప్పుడు అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. అవి ప్రధానంగా సంస్థల యంత్రాలే అయినా, వాటిలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లోకి తెచ్చి బాగుచేయాల్సి వచ్చింది. కాని సవరణ వేయకపోతే జరిగే నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 2017 మే 12న విజృంభించిన వానాక్రై అనే వర్మ్ వాడుకున్న లోపానికి సవరణ మార్చి 14నే వచ్చింది. వేసుకోని యంత్రాలే ప్రధానంగా దెబ్బతిన్నాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి. కాబట్టి అప్‌డేట్లను విడతలవారీగా పంపడం, కొన్నాళ్లు వాయిదా వేసుకునే వీలివ్వడం, వికటిస్తే వెనక్కి తీసుకునే దారి ఉంచడం తయారీదారు బాధ్యత. విడిగా బ్యాకప్ ఉంచుకునే బాధ్యత మాత్రం సొంతదారుదే. దాన్ని ఏ అప్‌డేటూ తీర్చదు.

ఈ మార్పు చాలాకాలం అందనిది ఇంటి రౌటర్‌కు. బిగించి వెళ్లిన మనిషి పెట్టిన పాస్‌వర్డ్‌తోనే అది ఏళ్లతరబడి నడుస్తుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీలో పెట్టిన 60కి పైగా పేరు–పాస్‌వర్డ్ జతలను ప్రయోగించి కెమెరాలు, రౌటర్లను లొంగదీసుకుంది. అక్టోబరు 21న వాటిచేత, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చూపే (డీఎన్‌ఎస్) డైన్ సంస్థ సర్వర్లపై దాడి చేయించింది. దాంతో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటలపాటు అందలేదు. 2017 జూలైలో మన దేశంలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెంలపైనా మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల ఆసరాతోనే దాడి జరిగింది, పాస్‌వర్డ్ మార్చుకోమని సంస్థ వినియోగదారులకు చెప్పింది. సలహా సరైనదే. అయినా మార్చాలని తెలియనివారి మీద భారం వేసే పద్ధతి బ్లాస్టర్ నాడే విఫలమైంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టం అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని నిషేధించింది. పరికరానికి భద్రతా సవరణలు ఎంతకాలం ఇస్తారో ముందే ప్రకటించాలని కూడా తయారీదారులను ఆదేశించింది. ఎన్నేళ్లు ఇచ్చి తీరాలన్నది మాత్రం ఆ చట్టం చెప్పలేదు.