ముందు ఆగేది ఏది?

1889 అక్టోబరు. హైదరాబాద్. వానలు వెనక్కి తగ్గినా గదిలో ఉక్క తగ్గలేదు. క్లోరోఫామ్ తీపి వాసన గొంతులోకి దిగుతోంది. బల్ల మీద కుక్క, దాని మూతి మీద గుడ్డ. పక్కనే మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మెల్లగా తిరుగుతోంది. మసి మీద రెండు ముళ్లు రెండు తెల్లగీతలు గీస్తున్నాయి. ఒకటి ఊపిరిది, ఇంకొకటి రక్తపోటుది. లండన్ నుంచి దిగిన డాక్టర్ లాడర్ బ్రంటన్ చూపు ఆ గీతల మీంచి కదలడం లేదు. ఏది ముందు ఆగుతుంది?

క్లోరోఫామ్ గుండెనే పట్టి ఆపేయగలదని ఆయన నమ్మకం. పక్కన నిలబడ్డ బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీది ఒకటే మాట: నాడి వదిలెయ్, ఊపిరి చూడు.

ఈ తగువు వెనక శవాలున్నాయి. 1848లో ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోవడానికి పడుకున్న పదిహేనేళ్ల హన్నా గ్రీనర్ మళ్లీ లేవలేదు. మత్తు లేకుండా కడుపు కోసి బిడ్డను తీయడమంటే తల్లికి నరకం. మత్తిస్తే ఏ ప్రాణం ఎప్పుడు పోతుందో తెలీదు. 1888లో లారీ బృందం 141 కుక్కల మీద పరీక్షించి, ముందు ఆగేది ఊపిరేనంది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాదంటూ నిజాం సర్కారు వెయ్యి పౌండ్లు బల్ల మీద పెట్టింది. వచ్చినవాడే బ్రంటన్.

మోతాదు పెంచి చూశారు, తగ్గించి చూశారు, గుండెకు వెళ్లే నరం కోసి చూశారు, భాస్వరంతో ముందే గుండె చెడగొట్టి చూశారు, కుక్కలైపోతే కోతులు, మేకలు, గుర్రాలు, ఇలా నాలుగు వందలకు పైగా ప్రాణాలు ఆ బల్ల మీదికెక్కాక, డిసెంబరులో బ్రంటన్ లండన్‌కి తంతి కొట్టాడు. ఆయన ఓడిపోయాడు. ప్రతిసారీ ముందు చదునైంది ఊపిరి గీతే.

అదే ఏడాది హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదువు ముగించారు రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి. మత్తివ్వడమే వృత్తిగా పెట్టుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. అఫ్జల్‌గంజ్ దవాఖానాలో, తర్వాత మూసీకి అవతల విక్టోరియా జనానా ఆస్పత్రిలో పరదా చాటు ఆడవాళ్లకు ఆమె చేతి క్లోరోఫామే ధైర్యం. 1909లో ఇంకా నేర్చుకోవాలని ఎడిన్‌బరో ఓడెక్కారు. 

లారీ మాట చివరి మాట కాలేదు. 1911లో డాక్టర్ గుడ్‌మన్ లెవీ పిల్లులకు పలచగా మత్తిచ్చాడు. ఊపిరి ఇంకా ఆడుతూనే ఉంది. గుండె ఒక్కసారిగా గిలగిల కొట్టుకుని పడిపోయింది. అంటే హైదరాబాద్ కాగితాల మీద ఆ గీతలు అబద్ధమాడలేదు, వాటి నుంచి లారీ తీసిన తీర్పే తప్పింది. నాడి వదిలేయమన్న ఆ సలహాను మత్తు డాక్టర్లు చివరికి పక్కన పెట్టారు. ఇవాళ పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి లాంటి చోట సిజేరియన్‌కి సాధారణంగా వెన్నులోనే మత్తిస్తారు. తల్లి మెలకువగానే ఉంటుంది. ఆమె నాడీ, ఊపిరీ రెండూ చూస్తారు.