ఒంటి తూటా రైఫిల్, దాని సైట్

2023 డిసెంబరులో బాపట్ల దగ్గరి సూర్యలంక వైమానిక స్థావరంలో జరిగిన అస్త్రశక్తి విన్యాసాల్లో ఆకాశ్ క్షిపణి వ్యవస్థ ఒకే ఫైరింగ్ యూనిట్‌తో నాలుగు లక్ష్యాలను ఒకేసారి ఛేదించింది. అక్కడ గురి చూసింది రాడార్. ఆ పని మనిషి కంటిదిగా ఉన్న రోజుల ఒంటి తూటా రైఫిళ్ళను బ్రిటన్, అమెరికాల్లో నేటికీ ఇష్టపడి సేకరిస్తారు. బాపట్ల, తెనాలి, రేపల్లె ఇళ్ళలో ఆ అలవాటు ఎందుకు వేళ్ళూనలేదు?

ముందు ఆ రైఫిల్ సంగతి. 1874లో న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్ మైదానంలో ఐరిష్, అమెరికన్ జట్లు 800, 900, 1000 గజాల దూరాల్లో తలపడ్డాయి. ఐరిష్‌వారివి మూతి నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్ళు. అమెరికన్లవి వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్. అమెరికన్లు 934–931 స్కోరుతో గెలిచారు.

ఆ గెలుపులో గురి చూసే సైట్ వాటా చిన్నది కాదు. తుపాకీ మెడ మీద నిలబెట్టిన సన్నని లోహపు పట్టీ, దాని వెంట మర చుట్టుతో పైకీ కిందికీ కదిలే బిళ్ళ, బిళ్ళ మధ్యలో సూదిబెజ్జమంత రంధ్రం. పక్కన గీతల కొలబద్ద. కోణంలో ఒక నిమిషం జరిపితే 1000 గజాల దగ్గర తూటా సుమారు పది అంగుళాలు జరుగుతుంది. తుపాకీ పక్కకు వాలకుండా చూడడానికి ముందు సైట్‌లో చిన్న నీటిమట్టం కూడా అమర్చేవారు. సైట్ పోయిన టార్గెట్ రైఫిల్ నా దృష్టిలో సగం సాక్ష్యమే.

బ్రిటిష్ సైన్యానికి 1871లో మార్టినీ-హెన్రీ రైఫిల్ వచ్చింది. కింది మీటను లాగితే తూటా గదిని మూసే దిమ్మ దిగుతుంది. ఒక తూటా చేత్తో పెట్టి మీట మూయాలి. 1857 తిరుగుబాటు భయంతో భారతీయ సిపాయిలకు మాత్రం తెల్ల సిపాయిల కంటే ఒక తరం పాత తుపాకీనే ఇస్తూ వచ్చారు. ఇక 1878 ఆయుధాల చట్టం లైసెన్సు నిబంధనను భారతీయుల నెత్తిన పెట్టి, యూరోపియన్లను దాన్నుంచి మినహాయించింది. రైతు ఇంట్లో రైఫిల్ వారసత్వ వస్తువు కాకపోవడానికి మూలం ఆ చట్టంలోనే ఉందని నా అభిప్రాయం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేయడానికీ కారణం తుపాకులే. అవి ఉన్నది ఠాణాల్లోనే.

అందుకే మన దగ్గర పాత ఆయుధాలు సంస్థల్లోనే పోగయ్యాయి. మూడో సాలార్‌జంగ్ సేకరించినవాటితో 1951లో హైదరాబాదులో తెరుచుకున్న మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది. సామాన్యుడి చేతికి టార్గెట్ రైఫిల్ అందింది 1948లో ఏర్పడిన ఎన్‌సీసీ వల్ల. సైనిక రైఫిల్ అయిన లీ-ఎన్‌ఫీల్డ్ ఒడ్డూ పొడుగుతోనే పాయింట్ టూ టూ తూటాకు మలిచిన రైఫిల్ అది. బోల్ట్ లాగి, ఒక్క తూటా పెట్టి, నేలమీద బోర్లా పడుకుని 25 గజాల దూరంలోని టార్గెట్‌ను కొట్టాలి. ఫోర్‌సైట్ మొన బ్యాక్‌సైట్ నడిమికి రావాలని ఉస్తాద్ అరిచిన అరుపు ఆ క్యాడెట్లకు గుర్తుండే ఉంటుంది.

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్, బాగుచేసినా పేలని పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ఎన్‌సీసీ ఆ రైఫిళ్ళను పక్కనపెట్టేటప్పుడు తీరప్రాంత కాలేజీలకు ఒక్కొక్కటైనా పేలకుండా చేసి ఇవ్వాలి, సైట్ ఊడదీయకుండా.