పండ్రెండు నెలల కాపురము

ముప్పదియేండ్లకు పైగా నేను బడిపిల్లలకు భూగోళము చెప్పితిని. అందులో మధ్యధరా సముద్రతీరపు శీతోష్ణస్థితి యను పాఠమొకటి యుండెడిది. "వేసవి పొడిగా నుండును, శీతకాలమున వాన కురియును, ద్రాక్ష, ఆలివు, నిమ్మ పండును" అని మూడు ముక్కలు వల్లెవేయించి, పిల్లవాడు తడుముకొనక అప్పగించినచో సంతసించుచుంటిని. ఉద్యోగము విరమించిన పిదప ఆ తీరమున ఒక చిన్న ఊరి చరిత్రను తీరికగా చదివితిని. ఆ పాఠమును నేను సగమే చెప్పితినని అప్పుడు తోచినది. తక్కిన సగమును నేడు మీకు మనవి చేసెదను.

ఇటలీ దేశమునకు వాయవ్యమున లిగూరియా యను సీమ కలదు. అచ్చట జెనోవా రేవునకు తూర్పుగా సముద్రపుటొడ్డున వరుసగా ఐదు గ్రామములున్నవి. వానిని కలిపి చింక్వే తెర్రే అందురు. అనగా ఐదు నేలలని యర్థము. మొంతెరోస్సో, వెర్నాత్సా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె అనునవి వాని పేర్లు. ఈ ఐదింటికి మూడు పురపాలక సంఘములు. నడిమిది వెర్నాత్సా. పేరునకు పురపాలకమే కాని జనము వేయిమందికి లోపే. మనవైపు చిన్న పంచాయతీ యని చెప్పవచ్చును. కొర్నీల్యా గ్రామమును దీనిలోనిదే.

వెర్నాత్సాలో ఇండ్లు, పడవల రేవు, నీటి యంచున కట్టిన సంత మార్గరీత దేవాలయము ఒకచోటనే యిరుకుగా నున్నవి. వాని వెనుకనే కొండ లేచినది. సముద్రమునుండి కొద్ది మైళ్ళలోనే శిఖరములు 800 మీటర్ల యెత్తునకు పోవును. కొర్నీల్యాకు రేవే లేదు. అది సముద్రమునకు సుమారు 100 మీటర్ల పైన కొండకొమ్ముమీద నున్నది. రైలు దిగినవాడు ఊరు చేరవలెనన్న పూర్వము 382 మెట్లెక్కవలసియుండెను. ఉప్పుమూట యైనను, జబ్బుమనిషి యైనను ఆ దారియే. వాహనములు పోవు బాట వచ్చుట 20వ శతాబ్ది ఉత్తరార్ధపు మాట.

ఇట్టి చోట మనుష్యులు ఏల కాపురము పెట్టిరని మీరడుగవచ్చును. వెర్నాత్సా కోటగల ఊరుగా 1080వ సంవత్సరపు పత్రములలోనే కానవచ్చుచున్నది. సముద్రమున చేపయు, వర్తకమును కలవు. సముద్రమునుండియే దోపిడికాండ్ర భయమును కలదు. అందుచేత ఊరిమీద బురుజు కట్టి కావలి యుంచిరి. తరువాత జెనోవా రాజ్యము ఈ తీరమును లోబరచుకొనెను. తిండికి, అమ్మకమునకు పంట కావలెను గదా! సమతలమైన నేల చేటెడైనను లేదు. లేని నేలను వారు చేతులతో చేసికొనిరి.

కొండవాలునందు అడ్డముగా రాతిగోడ పేర్చుదురు. దాని వెనుక రాళ్ళను, మన్నును నింపి చదును చేయుదురు. అది యొక మడి. దానిపైన మరియొక గోడ, మరియొక మడి. ఇట్లు సముద్రము మొదలుకొని కొండ నడుము దాటువరకు మెట్లమీద మెట్లుగా కొండమడులు లేచినవి. సుమారు వేయియేండ్లలో కట్టిన ఈ గోడలన్నిటిని కొలిచినచో వేల కిలోమీటర్లు కాగలవు. రాజాజ్ఞచే కట్టినవి కావు. తండ్రి విడిచిన చోట కొడుకు అందుకొని కట్టినవి.

ఈ గోడయందొక విశేషము కలదు. దీనిలో సున్నము లేదు, అడుసు లేదు. పెద్దరాయి అడుగున, చిన్నరాయి సందున, వెనుక గులకరాతి పొర. గోడ కొండవైపునకు కొంచెము వాలియుండును. సున్నముతో బిగించినచో వాననీరు లోపల నిలిచి, బరువెక్కి, గోడను త్రోసివేయును. వట్టిరాతి గోడ సందులనుండి నీటిని మెల్లగా విడుచును, మన్నును పట్టియుంచును. అయితే ఇట్టి గోడకు ఒక రాయి జారినచో ఆ యేడే దానిని తిరిగి పెట్టవలెను. పెట్టనిచో మరుసటి వానకు మూరెడు కడుపు ఉబ్బును. ఆపై వానకు పడును. పడినది క్రింది గోడమీద పడును. కాబట్టి అది ఒకసారి కట్టి మరచునది కాదు. పశువును సాకినట్లు సాకవలసినది.

అచ్చటి యేడాది యెట్లు గడచునో వినుడు. చలికాలమున ద్రాక్షతీగలకు కత్తిరింపు; తెరపి దినములలో గోడల మరమ్మతు. వసంతమున తీగలు కట్టుట, తెగుళ్ళకు గంధకము చల్లుట. గాలికి తీగ విరుగకుండ పందిరిని మిక్కిలి పొట్టిగా వేయుదురు. పనివారు దాని క్రింద వంగి, ప్రాకి పనిచేయవలెను. వేసవి వచ్చినంతనే రాత్రివేళ దీపములు పెట్టి చిన్నచేపలను పట్టి ఉప్పులో ఊరవేయుదురు. సెప్టెంబరున ద్రాక్షకోత. గుత్తులను గంపలకెత్తి నిలువుమెట్ల దారిలో మోయవలెను. ఇటీవలి దశాబ్దములలో మాత్రము ఒంటిపట్టాపై పండ్లచక్రముతో నడచు చిన్నబండ్లు కొన్ని చోట్ల వచ్చినవి. మంచి గుత్తులను నీడలో వారములతరబడి ఎండనిచ్చి షక్కెత్రా అను తియ్యని ద్రాక్షరసము చేయుదురు. ఈ సీమ ద్రాక్షరసము పాతకీర్తి కలది. 14వ శతాబ్దపు రచయిత బొక్కాచ్చో తన కథల పుస్తకములో కొర్నీల్యా ద్రాక్షరసమును పేర్కొనెను. పిదప నవంబరున ఆలివు చెట్ల క్రింద వలలు పరచి కాయ రాల్చుట.

ఈ పనులలో ఏదియు వేసవిలో నాలుగు వారములుండి పోవువాడు చేయదగినది కాదు. ఇదియే నేను చెప్పదలచిన ముఖ్యాంశము.

ఇంతటి కష్టమునుండి తప్పించుకొను దారి 19వ శతాబ్దమున దొరకెను. ప్రక్కనున్న లా స్పెత్సియా పట్టణమున 1869లో నౌకాదళపు పెద్ద కర్మాగారము తెరవబడెను. 1874లో జెనోవా, లా స్పెత్సియాల నడుమ కొండలను తొలిచి వేసిన రైలుమార్గము పూర్తియయ్యెను. సొరంగమునకు సొరంగమునకు నడుమ ఇరుకున వెర్నాత్సా స్టేషను వెలసెను. నెలజీతము, నీడపట్టు పని కొద్దినిమిషముల దూరమునకు వచ్చెను. పలువురు పగలు కర్మాగారమున పనిచేసి, సెలవుదినమున మడికి పోవువారైరి. మరికొందరు సముద్రములు దాటి పోయిరి. 20వ శతాబ్దపు తొలిభాగమున ఫిలోక్సెరా యను సూక్ష్మమైన పురుగు ద్రాక్షవేళ్ళను పట్టి తోటలను పాడుచేసెను. ఎవరిని తప్పు పట్టగలము? బిడ్డకు గంప మోయు బ్రతుకు వలదని తలచుట తల్లిదండ్రులకు సహజమే. కాని మనుష్యుడు వెడలినను కొండ అచ్చటనే యుండెను. మడులలో ముండ్లపొదలు పెరిగెను. గోడలు ఒక్కొక్కటిగా ఉబ్బి పడసాగెను.

వెళ్ళువారిని తీసికొనిపోయిన రైలే చూడవచ్చువారిని తెచ్చెను. 1975లో నోబెల్ బహుమానమందిన కవి యుజేనియో మొంతాలె బాల్యమున వేసవులు మొంతెరోస్సోలో తన కుటుంబపు ఇంటనే గడపెను. ఆ తీరపు ఎండ, రాయి, సముద్రము అతని తొలి కవితలకు వస్తువులైనవి. వేసవి యతిథి కూడ ఆ నేలకు కీర్తి తేగలడని దీనివలన తెలియుచున్నది. 1997లో యునెస్కో సంస్థ ఈ తీరమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను. 1999లో ప్రభుత్వము దీనిని జాతీయోద్యానము చేసెను. ఇప్పుడు ఏటా 20, 30 లక్షలమంది వచ్చుచున్నారని అంచనా. ఐదు గ్రామములవారిని కలిపినను నాలుగైదు వేలకు మించరు! పాత యిండ్లు పలుచోట్ల అద్దెగదులైనవి. చిత్రమేమనగా, వచ్చువారు చూడగోరునది ఆ కొండమడుల యందమునే; వారికి గది యిచ్చు పనిలో పడినవానికి ఆ మడిని చూచుటకే తీరిక లేకపోయెను.

ఇక 2011 అక్టోబరు 25వ తేదీ మాట. నేను బడిలో "శీతకాలమున వాన" అని ఒక్కముక్కలో తేల్చితిని గదా. ఆ వాన వచ్చు తీరు వేరు. వేసవియంతయు కాగిన సముద్రము శరత్కాలమున తడిగాలిని పైకి పంపును. ఆ గాలి ఒడ్డుననే నిలువుగా నున్న కొండకు కొట్టుకొని, ఉన్నచోటనే కుమ్మరించును. ఆనాడు ఆ కొండలకావల బ్రున్యాతో గ్రామమున ఒక్కదినమున 500 మిల్లీమీటర్లకు మించి కురిసెను. మన కోస్తాజిల్లాలలో ఏడాది పొడుగున పడు వానలో అది ఇంచుమించు సగము. వెర్నాత్సా కొండలు వందలచోట్ల జారెను. ఊరి నడివీధి క్రింద మూసి పారించిన వాగొకటి కలదు. మన్ను, రాళ్ళు, చెట్లు, బండ్లు దానిని పూడ్చివేయగా, వాగు వీధిమీదికెక్కి పారెను. కొన్నిచోట్ల 4 మీటర్ల మేర బురద నిండెను. అంగళ్ళు, ఇండ్ల క్రిందిభాగములు మునిగెను. వెర్నాత్సాలో ముగ్గురు మరణించిరి. దారులు, రైలు తెగిపోగా జనమును పడవలమీద దాటింపవలసివచ్చెను. ఆపదలో వారికి మిగిలినది వారి పూర్వుల పాతదారియైన సముద్రమే.

పిమ్మట భూశాస్త్రజ్ఞులు ఆ కొండలను శోధించిరి. ఇటీవలి కాలమున విడిచిపెట్టబడిన మడులే అన్నిటికంటె సులభముగా జారెనని తేలెను. సాగులోనున్న మడులు కూడ కొన్నిచోట్ల జారినవి కాని, ఆ జారుడు చిన్నది. ఎన్నడో విడువబడి గట్టి అడవిగా మారిన చోట వేళ్ళు నేలను కొంత పట్టియుంచెను. అనగా కొండను పూర్తిగా అడవికి అప్పగించిన ఒక విధము. మనిషి చేతిలో నుంచుకొన్న మరియొక విధము. చేతిలో నుండక, అడవియు కాక, నడుమ వదలివేసినదే ప్రమాదకరము. ఈ మాట నన్ను చాలదినములు వెంటాడెను.

వెర్నాత్సావారు బురద నెత్తి, వీధి తిరిగి పరచి, మరుసటి వసంతమునకు అంగళ్ళు తెరచుకొనసాగిరి. 2018లో వట్టిరాతి గోడ కట్టు విద్యను ఇటలీతో కలిపి ఎనిమిది దేశముల పక్షమున యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించెను. విడువబడిన మడులను సాగుచేయువారికి అప్పగించు ప్రయత్నములు, గోడకట్టు నేర్పు శిక్షణలు జరుగుచున్నవి. కాలిబాటలమీద నడచువారివద్ద పుచ్చుకొను రుసుములో కొంత బాటల బాగునకు పోవుచున్నది. రియోమజ్జోరె, మనరోలాల నడుమనున్న ప్రసిద్ధమైన ప్రేమబాట 2012లో రాళ్ళు పడి నలుగురు యాత్రికులు గాయపడుటచే మూయబడి, 2024లో గాని తిరిగి తెరువబడలేదు. ఒక చిన్నబాట కొండను నమ్మి నడచుటకు పండ్రెండేండ్లు పట్టినది!

అతిథులను నేను నిందించుట లేదు. వారి ధనము లేనిదే ఇప్పుడున్న కాపురములును నిలువకపోవును. కాని చలికాలమున అంగళ్ళు మూతపడి, వీధులు బోసిపోయినపుడు అచ్చట మిగులువారెవరు? పెద్దచదువునకు పిల్లవానిని రైలెక్కించి లా స్పెత్సియాకు పంపువారు, మెట్లు దిగలేక గడపకడ కూర్చున్న వృద్ధులు, వాన వెలిసినంతనే ఏ గోడ ఉబ్బినదో చూచి వచ్చు రైతు. ఆ రైతు చూచి వచ్చినందుననే క్రింది వీధిలో అతిథి నిర్భయముగా నిద్రించుచున్నాడు. అతని శ్రమకు బేరములో ధర లేదు. ఆ ధర కట్టు ఉపాయము దొరకువరకు, యునెస్కో పత్రము గాని, ఉద్యానపు శాసనము గాని ఆ కొండను నిలుపజాలవు.

ఈ సంగతి మీకు క్రొత్త కాదు. మన చెరువుకట్టలకు కుడిమరామత్తు ఏల యేర్పడినదో, ఏ యింటివారు ఏటేట ఎన్ని గంపల మన్ను వేసిరో మీలో పెద్దలెరుగుదురు. కట్ట తెగిన నాడు అందరును పరుగెత్తుకొని వత్తురు. తెగకుండ ఎలుకబొరియ పూడ్చినవాని పేరు ఎవరును అడుగరు.

నా పాఠము మరల చెప్పవలసివచ్చినచో, ఆ మూడు ముక్కలకు నాలుగవదానిని చేర్చుదును: "ఆ పంటలు పండు నేలను మనుష్యులు ఏటేట నిలబెట్టుకొనుచున్నారు." అది అప్పగించిన పిల్లవానిని ఊరక కూర్చుండుమనక, నీ యూరిలో అట్లు నిలబెట్టువారెవరో కనుగొని రమ్మని పంపుదును.