ప్రోగ్రాము రచనకు పనిముట్టు ఏది?

జగ్గయ్యపేట చెంత ధనంబోడు మీద ఒక ప్రాచీన బౌద్ధ స్తూపం ఉన్నది. దానిని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. అక్కడి శాసనాలను బట్టి చూస్తే, ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, అనగా క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఐదు ఆయక స్తంభాలను ప్రతిష్ఠించినవాడు రాజు కాదు, మంత్రి కాదు, సిద్ధార్థుడనే శిల్పి. అతని తండ్రి కూడ శిల్పియే. ఉలి చేసేదెంత, చేయి చేసేదెంత అన్నది అట్టివానికి ఒకరు చెప్పనక్కరలేదు.

నేడు అదే జగ్గయ్యపేట నుండి, నందిగామ నుండి కంప్యూటరు విద్యకు వెళ్ళే విద్యార్థికి కావలసినది ఈ వివేకమే. ప్రోగ్రాము అనగా వరుసగా వ్రాసిన ఆజ్ఞలు. వాటిని వ్రాసి దాచుకొనడానికి మాత్రమే పనికివచ్చేది టెక్స్ట్ ఎడిటరు. ఆ వ్రాతను యంత్రభాషలోనికి మార్చేది కంపైలరు. తప్పులను వెదకడానికి తోడ్పడేది డీబగ్గరు. ఈ మూడింటిని ఒకే తెరపై కూర్చిన సాధనమే ఐ.డి.ఇ. మరి దేనితో మొదలుపెట్టవలెను?

చరిత్రను చూతము. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అనే ఆచార్యులు బేసిక్ భాషను ప్రవేశపెట్టినారు. విద్యార్థి ఒకే టెలిటైపు ముందు కూర్చుండి ప్రోగ్రామును వ్రాసి, అక్కడనే నడిపి చూచుకొనే వీలు కలిగినది. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్ 'ఎడ్' అనే ఎడిటరును రచించాడు. అది వ్రాత తప్ప మరేమీ ఎరుగదు. 1983లో బోర్లండ్ సంస్థ విడుదల చేసిన టర్బో పాస్కల్ వెల 49.95 డాలర్లు. వ్రాయుట, మార్చుట, నడుపుట అన్నీ అందులోనే. తప్పు దొర్లిన చోటికి అదే తీసుకొనిపోయేది. 1987లో టర్బో సి వెలువడినది.

ఆంధ్రదేశంలోని అనేక కళాశాలల ప్రయోగశాలలలో టర్బో సి నీలితెర చాలాకాలం నిలిచినది. దానితో మేలు జరిగినది; ఒక చిక్కు కూడ వచ్చినది. తెరను తుడిచే 'క్లియర్ స్క్రీన్' ఆజ్ఞను ఎందరో విద్యార్థులు సి భాషలో భాగమనుకొన్నారు. 1989లో ఏర్పడిన సి ప్రమాణంలో అది లేదు. ఆ సాధనంతో వచ్చినది మాత్రమే. వేరొక కంప్యూటరులో, వేరొక కంపైలరుతో అదే ప్రోగ్రాము నడవకపోతే, తమకు సి రాదేమోనని వారు దిగులుపడినారు. తప్పు వారి చదువుది కాదు. భాష ఎంతవరకు, పనిముట్టు ఎంతవరకు అన్న హద్దు తెలియకపోవడమే కారణం.

కనుక ఉపాధ్యాయుడు మొదట పది పంక్తుల ప్రోగ్రామును సామాన్య ఎడిటరులో వ్రాయించి, కంపైలరును విడిగా పిలిపించి, అది చూపే తప్పులను విద్యార్థిచేతనే చదివించుట మంచిది. ఇందుకు పాత కంప్యూటరు చాలును. ఖరీదైన యంత్రం లేదని ఏ పాఠశాలా వెనుదీయనక్కరలేదు. పిమ్మట అదే ప్రోగ్రామును ఐ.డి.ఇ.లో నడిపించవలెను. అనేక ఫైళ్ళతో పెరిగిన ప్రోగ్రాములో ఒక పేరును వెదకుటకు, ఒక్కొక్క పంక్తినే నడిపి చూచుటకు దానికి మించిన తోడు లేదు.

ఈ రెండింటి నడుమ గోడ కూడ నేడు పలుచబడినది. 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ ప్రధానంగా ఎడిటరే. అనుబంధాలు చేర్చినకొలది ఐ.డి.ఇ. వలె పనిచేస్తుంది. ఏ అనుబంధం ఏ పని చేయుచున్నదో ఎరిగినవానికి ఏ పనిముట్టు అయినను లొంగుతుంది. ఎరుగనివాడు మాత్రం ఆడలేక మద్దెల ఓడనవలసినదే.