కిడారి శ్రవణ్ కుమార్: ఆరు నెలల మంత్రి

2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. అప్పటికి నాలుగేళ్లు దాటినా చంద్రబాబు మంత్రివర్గంలో ఒక్క ఆదివాసీ లేరు. నవంబర్ 11న సర్వేశ్వరరావు కొడుకు శ్రవణ్ కుమార్ గిరిజన సంక్షేమ మంత్రి అయ్యారు. ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. రాజ్యాంగం 164(4) అధికరణ ప్రకారం ఆరు నెలల్లో శాసనసభలోనో మండలిలోనో సభ్యుడు కావాలి. మండలికి పంపలేదు. 2019 ఏప్రిల్‌లో అరకులో టీడీపీ తరఫున పోటీ చేశారు. లెక్కింపు మే 23న. గడువు ముందే ముగియడంతో రాజీనామా చేశారు. ఎన్నికలో వైసీపీ అభ్యర్థి చెట్టి పాల్గుణ గెలిచారు. మేం అడిగేది ఒక్కటే: ఆదివాసీకి మంత్రి పదవి హక్కా, పరామర్శా?