కాలనీ సంక్షేమ సంఘం: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌లో పుట్టుక, పని, లెక్క

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా నుంచి ఎల్బీ నగర్ దాకా ఏ గల్లీలోకి తిరిగినా మొదట కనిపించేది ఒక బోర్డు. దాని మీద కాలనీ పేరు, ఆ కింద 'సంక్షేమ సంఘం' అన్న మాట, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. మోరీ పొంగినా, వీధి దీపం వెలగకపోయినా, నల్లా నీళ్లు రాకపోయినా జనం ముందు వెళ్లేది ఆ బోర్డు వెనక ఉన్న మనుషుల దగ్గరికే. అయితే సంఘం సర్కారు ఆఫీసు కాదు. పన్ను వేయలేదు, జరిమానా రాయలేదు, కార్పొరేషన్ సిబ్బందికి ఆర్డర్ ఇవ్వలేదు. దాని చేతిలో ఉన్నవి మూడే: సభ్యుల జాబితా, మీటింగుల రిజిస్టరు, రసీదు పుస్తకం. ఈ మూడూ సరిగ్గా ఉన్న సంఘం మాటకు ఆఫీసులో విలువ ఉంటుంది. లేని సంఘం బోర్డుకే పరిమితమవుతుంది.

ఎలా పుట్టాయి

దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి నుంచి వచ్చిందని చెబుతారు. ఆయన పొలాలే ప్లాట్లయి బస్తీగా మారాయి. ఎల్బీ నగర్ అంటే లాల్ బహదూర్ నగర్, మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరు. ఈ తూర్పు వైపు ప్రాంతమంతా ఎక్కువగా పొలాలు, చెరువుల కింది భూములు. గజాల లెక్కన ప్లాట్లు అమ్ముడుపోయాయి, ఇళ్లు లేచాయి. రోడ్డు, డ్రైనేజీ, మంచినీళ్లు మాత్రం ఆ వేగంతో రాలేదు. బోరు ఎండితే ట్యాంకరే గతి. ప్లాట్ల యజమానులు నలుగురు కలిసి చందా వేసుకుని మట్టిరోడ్డు మీద మొరం పోయించుకున్నారు, కరెంటు స్తంభాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ కలయికే తర్వాత సంఘంగా రిజిస్టర్ అయింది.

అప్పట్లో ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం వేర్వేరు మున్సిపాలిటీలు. 2007 ఏప్రిల్ 16న మొత్తం 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. ఈ రెండూ ఆ పన్నెండులో ఉన్నాయి. కార్పొరేషన్ పెద్దదయ్యాక ఆఫీసుకూ గల్లీకీ మధ్య దూరం పెరిగింది. ఆ దూరాన్ని తగ్గించే పని సంఘాల మీద పడింది.

రిజిస్ట్రేషన్ ఎలా

సాధారణ కాలనీ సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టాన్ని తెలంగాణ కొనసాగించుకుంది. 18 ఏళ్లు నిండినవాళ్లు కనీసం ఏడుగురు ఉండాలి. సంఘం ఉద్దేశాలు చెప్పే మెమొరాండం, నడవడికకు సంబంధించిన నియమావళి రాసి రిజిస్ట్రార్‌కు సమర్పించాలి.

రిజిస్ట్రేషన్ అయిపోగానే పని పూర్తయిందనుకోవడం పొరపాటు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి. అది జరిగిన 15 రోజుల్లోగా కొత్త కార్యవర్గం పేర్ల జాబితాను రిజిస్ట్రార్‌కు పంపాలి. లెక్కలు ఆడిట్ చేయించాలి. ఏళ్ల తరబడి జాబితా పంపని సంఘంలో గొడవ వచ్చినప్పుడు అసలు అధ్యక్షుడెవరో తేల్చడమే కష్టం. అలాంటి వివాదాలు మధ్యవర్తిత్వానికి గానీ, జిల్లా కోర్టుకు గానీ వెళ్లేలా చట్టం దారి చూపింది. కాలనీకి వెళ్లాల్సిన టైమూ డబ్బూ కోర్టు పాలవుతాయి.

ఏ పని ఎవరిది

సంఘం దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో తప్పు ఆఫీసుకు వెళ్లి తిరిగొచ్చేవి చాలా ఉంటాయి. అందుకే ఏది ఎవరిదో తెలిసి ఉండాలి.

చెత్త, రోడ్డు, వీధి దీపం, పార్కు, వాననీటి నాలా కార్పొరేషన్ పనులు. జీహెచ్‌ఎంసీ ఫిర్యాదుల నంబరు 040-21111111.

నల్లా నీళ్లు, మురుగు మ్యాన్‌హోళ్లు జలమండలివి. శివారు సర్కిళ్లలో మురుగు నిర్వహణ మొదట కార్పొరేషన్ చేతిలోనే ఉండేది, 2021 అక్టోబరులో జలమండలికి బదిలీ అయింది. ఇది తెలియక ఇప్పటికీ పాత ఆఫీసుకే వెళ్లేవాళ్లున్నారు. జలమండలి నంబరు 155313. ఇంటి కనెక్షన్‌కు నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. దానికి ఆధార్ అనుసంధానం, విడి ఇళ్లకు మీటరు అడిగారు. ఇలాంటి చోట సంఘం ఇంటింటికీ చెప్పి పని చేయిస్తే పెద్దవాళ్లున్న ఇళ్లకు ఎంతో మేలు.

కరెంటు పంపిణీ సంస్థది, నంబరు 1912. చెరువు, పార్కు, ప్రభుత్వ స్థలాల కబ్జాలకు సంబంధించి 2024 జులైలో హైడ్రా వచ్చింది. అక్కడ కూడా లేఅవుట్ కాపీ చేతిలో ఉన్న సంఘం మాటకే బరువు.

ఫోన్ చేసి ఊరుకుంటే చాలదు. ఫిర్యాదు నంబరు, తేదీ, ఎవరు మాట్లాడారో రిజిస్టరులో రాసి పెట్టాలి. నెల దాటినా కదలకపోతే ప్రజావాణిలో దరఖాస్తు, ఆ తర్వాత సమాచార హక్కు చట్టం. దాని కింద 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ చట్టం హక్కు ఇచ్చింది పౌరులకు. కాబట్టి దరఖాస్తు సంఘం పేరుతో కాకుండా కార్యదర్శి తన సొంత పేరుతో పెట్టుకోవడం మంచిది.

2020 వాన నేర్పింది

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను ఈ ప్రాంతం మరిచిపోలేదు. హయత్‌నగర్ వైపు ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్ చెరువు నిండి దిగువన ఉన్న కోదండరాం నగర్ లాంటి కాలనీలు మునిగాయి. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ చెరువు మిగులు నీరు మూసీకి చేరాలి. దారిలో ఇళ్లు లేచాయి, నాలాలు సన్నబడ్డాయి. నీళ్లు పాత దారినే వెతుక్కుని ఇళ్లలోకి వచ్చాయి. 2021లోనూ దిగువ కాలనీల్లోకి మళ్లీ నీళ్లు చేరాయి.

వరద తగ్గాక ప్రభుత్వం మునిగిన ఇంటికి 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న గొడవ నగరమంతా నడిచింది. మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. కార్పొరేషన్ ఎన్నికల షెడ్యూల్ రావడంతో నవంబరులో పంపిణీ ఆగింది. ఇంటి నంబరు, కుటుంబ పెద్ద పేరు, పై అంతస్తులో కిరాయిదారు ఎవరు అన్న వివరాలతో ముందే జాబితా ఉంటే, ఏ ఇంటికి రాలేదో సంఘం ఒక్క కాగితంతో చెప్పగలదు. అది లేని చోట ప్రతి ఇల్లూ ఒంటరిగా లైన్లో నిలబడాల్సిందే.

తర్వాత నాలాల కోసం ప్రత్యేక పథకం వచ్చింది. తొలి దశ అంచనా సుమారు 985 కోట్లు. ఎల్బీ నగర్ వైపు చాలా పనులు ఇందులో చేర్చారు. ఇలాంటి పని కాలనీలోంచి వెళ్తున్నప్పుడు కాంట్రాక్టు బోర్డు ఫోటో, మొదలైన తేదీ, తవ్వి వదిలేసిన గుంతల ఫోటోలు దాచుకోవడం సంఘం బాధ్యత.

పార్కు స్థలం, ప్లాటు కాగితం

ఆమోదం పొందిన లేఅవుట్‌లో ఖాళీ స్థలం అందరిదీ. ఆమోదం లేని లేఅవుట్‌లో అది ఉండదు. 2020 నాటి క్రమబద్ధీకరణ పథకంలో, లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టమన్నారు. అమ్మినవాడు మిగుల్చుకున్నదానికి కొన్నవాడు బిల్లు కట్టడమన్నమాట.

ఇక బీఎన్ రెడ్డి నగర్ లాంటి చోట్ల ఇళ్లు కట్టుకుని ఏళ్లయినా రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. అమ్మలేరు, బ్యాంకులో పెట్టలేరు, పిల్లల పేరిట రాయలేరు. కాలనీల వాళ్లు ఏళ్ల తరబడి కలిసి అడిగాక, 2022 అక్టోబరులో జీవో 118 వచ్చింది. ఎల్బీ నగర్‌తో పాటు మరికొన్ని నియోజకవర్గాల్లోని 44 కాలనీలకు గజానికి 250 రూపాయలతో క్రమబద్ధీకరణ అని అందులో ఉంది. 150 గజాల ఇంటికి అది 37,500 రూపాయలు. ఒక్కో ఇల్లూ విడిగా అడిగితే ఇలాంటి జీవో వచ్చేది కాదు.

చందా లెక్క

చిన్న ఉదాహరణ. కాలనీలో 120 ఇళ్లు, నెలకు 200 చందా అనుకుందాం. అందరూ కడితే నెలకు 24,000. నలభై ఇళ్లు కట్టకపోతే వచ్చేది 16,000. వాచ్‌మన్ జీతం, సీసీ కెమెరాల కరెంటు, చిన్న రిపేర్లు కలిపి 18,000 అయితే ప్రతి నెలా 2,000 లోటు. ఏడాదికి 24,000. ఆ లోటును కోశాధికారి జేబులోంచి పెట్టినా, పాత నిల్వలోంచి తీసినా తర్వాత మాట పడేది ఆయనే.

అందుకే ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. సంఘం పేరుతో పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా ఉండాలి. ఆదాయ వ్యయాలు నెల నెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. అపార్ట్‌మెంట్ సంఘాలకు ఇంకో సంగతి: ఒక్కో సభ్యుడి నెలవారీ మెయింటెనెన్స్ 7,500 రూపాయల దాకా జీఎస్టీ మినహాయింపు ఉంది. పండుగ చందా, అభివృద్ధి చందా ఒకే పుస్తకంలో కలపకూడదు. ఒక ఇంటి పండుగకు ఇంకో ఇంటి మోరీ డబ్బు పోయిందన్న అనుమానం రాకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.

ఎవరు చేరవచ్చు

చాలా నియమావళుల్లో ఇంటి యజమానికే ఓటు. కిరాయిదారును సహసభ్యుడిగా చేర్చుకునే వీలు నియమావళిలో రాసుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, కిరాయి ఇళ్లతో నిండిన చోటు. సగం కాలనీని బయట పెట్టి సంఘం నడపడం కుదరదు. మహిళలకు కార్యవర్గంలో చోటు ఉంటే నీళ్ల టైమింగులు, చెత్త బండి రాకపోకల గురించి అసలు కథ మీటింగులోకి వస్తుంది. 2020లో జీహెచ్‌ఎంసీ చట్టానికి చేసిన సవరణలో డివిజన్ స్థాయిలో యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖుల వార్డు కమిటీలకు చోటిచ్చింది కూడా ఈ ఆలోచనతోనే.

ముస్లిం కుటుంబాలు తక్కువగా ఉన్న కాలనీల్లో 'మనకెందుకులే' అని మీటింగుకు వెళ్లకపోవడం కనిపిస్తుంది. బక్రీద్ వ్యర్థాలు తీసుకెళ్లే బండి ఏ టైముకు రావాలి, రంజాన్‌లో సహరీ వేళకు నల్లా ఎప్పుడు వదలాలి, మస్జిద్ గల్లీలో దీపం ఎందుకు వెలగడం లేదు లాంటివన్నీ ఇదే మీటింగులో తేలే విషయాలు. ఆ రిజిస్టరులో మన పేరూ సంతకమూ ఉంటే అది కాలనీ డిమాండు అవుతుంది. లేకపోతే ఒక ఇంటి ఫిర్యాదుగానే మిగులుతుంది.

హద్దులు

సంఘం చేయకూడనివీ ఉన్నాయి. కార్పొరేషన్‌కు అప్పగించిన రోడ్డు ప్రజలది, గేటు పెట్టి మూసేయడం కుదరదు. పార్కు స్థలంలో ఎవరి పేరుతోనైనా కట్టడం కట్టడం తప్పు. ఎవరికి ఇల్లు కిరాయికి ఇవ్వాలో నిర్ణయించుకునేది ఇంటి యజమాని, కాలనీ సంఘం కాదు. చందా కట్టలేదని నల్లా కట్ చేసే అధికారం దానికి లేదు. ఎన్నికల్లో సంఘం పేరుతో ఒక పార్టీకి మద్దతు ప్రకటిస్తే, మరుసటి రోజే సగం ఇళ్లు చందా ఆపేస్తాయి.

కార్పొరేటర్లు మారతారు, సర్కిళ్ల హద్దులు మారతాయి, ఆఫీసుల పేర్లు మారతాయి. కాలనీలో మిగిలేది ఆ మూడు పుస్తకాలే. ఈసారి సర్వసభ్య సమావేశం నోటీసు వచ్చినప్పుడు ఒక గంట తీసి వెళ్లండి. పోయిన ఏడాది ఆడిట్ కాగితం చూపించమని అడగండి, జాబితాలో మీ ఇంటి నంబరు ఉందో లేదో చూసుకోండి.